కటింగ్ మాస్టరు కుడిచెయ్యి

పెన్సిలు అన్నది ఈ కథలో ఒక మనిషి పేరు. ఆవిడకు అసలు పేరు ఒకటుంది గానీ, అది బ్యాంకు వాళ్లకు తప్ప ఎవరికీ గుర్తులేదు. చిన్నప్పుడు మేనమామ సరదాగా పిలిచిన పిలుపు చుట్టాలందరి నోళ్లలోనూ నానిపోయింది. సన్నగా పొడుగ్గా ఉండేది, చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిలు పెట్టుకు తిరిగేది, పైగా మాట మొనదేలి ఉండేది. నలభై దాటినా ఆ మూడింటిలో ఒక్కటీ మారలేదు.

ఆవిడ పని మనుషుల బొమ్మలు గీయడం. రంగుల జోలికి పోదు. ఉన్నదల్లా కాగితం, పెన్సిళ్లు, వాటిని చెక్కుకోవడానికి ఒక చిన్న చాకు. ముఖం గీసిందంటే దానికి వంక పెట్టడం ఆ ముఖాన్ని కన్న తల్లి వల్ల కూడా కాదు. కంటి కింద ముడత, పై పెదవి మీద చెమట, చెవి అంచున పడే వెలుతురు, అన్నీ కాగితంలోకి దిగిపోతాయి. కానీ మెడ దాటి కిందికి వచ్చిందా, అక్కడ వేరే లెక్క. మనిషన్నవాడు ఎంతసేపని కదలకుండా కూర్చుంటాడు? భుజం ఎగరేస్తాడు, మోకాలు గోక్కుంటాడు, విసుగొస్తే వాలిపోతాడు. భుజం ఎక్కడికి కదిలితే అక్కడ ఇంకో గీత పడుతుంది. పాత గీత పోదు, ఉన్నచోటే ఉంటుంది. అందులోనూ ఆవిడ బాగా ఒత్తి గీసే రకం, కాగితం వెనక్కి తిప్పి వేలితో తడిమితే గీతలు తెలుస్తాయి. ఇలా గీత మీద గీత పడి, సగం ఎదురుగా కూర్చున్న మనిషిగా, సగం గాలిలో తిరిగే గీతలుగా బొమ్మ తయారవుతుంది. రబ్బరనేది ఆవిడ ఇంట్లోనే లేదు.

చూసినవాళ్లలో సగం మంది నోరెళ్లబెట్టేవారు. మిగతా సగం నొసలు చిట్లించి, "ముఖం మహా బాగుందండీ, కింద పిల్లలెవరైనా పిచ్చిగీతలు గీశారా?" అని అడిగేవారు.

"అవునండీ, మా ఇంట్లో నలభై రెండేళ్ల పిల్ల ఒకతి ఉంది" అనేది పెన్సిలు, మొన చెక్కుకుంటూ.

తన చెయ్యి మీద ఆవిడకున్న ధీమా చూస్తే కొందరికి ఒళ్లు మండేది. మండితే మండనివ్వండి. సందేహిస్తూ గీసిన బొమ్మలు లోకంలో బోలెడున్నాయి, వాటిని ఎవరూ గోడకు తగిలించుకోరు.

ఇక ఆ పేరు పెట్టిన మేనమామ సంగతి. ఆయన కటింగ్ మాస్టరు. మెయిన్‌ రోడ్డు మీద పెద్ద టైలరు కొట్టు ఆయనది. బల్ల మీద గుడ్డ పరిచి, సుద్దముక్కతో ఒక్క ఊపున గీత గీసేవాడు. రెండోసారి గీయడం ఆయన చరిత్రలో లేదు. ఆ గీత వెంట కత్తెర కరకరలాడుతూ పోయేది. కత్తెర ఆడుతున్నంతసేపూ నోరు కూడా ఆడేది. ఎవరి పొట్ట ఎంత పెరిగిందో, కొలతలప్పుడు ఎవరు ఊపిరి బిగబడతారో, అందరి గుట్టూ ఆయన టేపుకు తెలుసు. సాయంత్రం కొట్టు ముందు నిలబడి నలుగురితో కబుర్లాడుతూ టీ తాగితే గానీ ఆయనకు పొద్దు పోయినట్టుండేది కాదు.

అలాంటి మనిషికి ఏడాది కిందట కుడిచెయ్యి వణకడం మొదలైంది. ముందు వేళ్లు, తర్వాత మణికట్టు. మందులకు కొంచెం తగ్గింది గానీ పోలేదు, పోదని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు. ఒకరోజు కొట్టు ముందు టీ గ్లాసు ఎత్తితే సగం చొక్కా మీద పడింది. పక్కనున్న పాత ఖాతాదారు "అయ్యో మాస్టారూ!" అన్నాడు. పాపం ఆయన మంచిమనసుతోనే అన్నాడు. కానీ ఆ ఒక్క మాట మామయ్య చెవిలో ముల్లులా దిగింది. కత్తెర తన దగ్గర పని నేర్చినవాడికి అప్పగించి, ఇంటికొచ్చి, చేతి మీద తువ్వాలు కప్పుకుని కూర్చున్నాడు. అంతే, మళ్లీ గడప దాటలేదు. అన్నం కూడా వెనకగదిలో తలుపేసుకుని తినేవాడు. కట్టుకున్న భార్య చూసినా ఓర్చుకోలేకపోయేవాడు.

చుట్టాలొచ్చారు, స్నేహితులొచ్చారు, బుజ్జగించారు, కేకలేశారు. ఎవరి మాటా చెవికెక్కలేదు. అప్పుడు పెన్సిలు ఒక బల్లచెక్క, నాలుగు కాగితాలు చంకలో పెట్టుకుని వచ్చి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మామయ్యా, నీ బొమ్మ గీస్తాను. గ్రంథాలయం మేడమీద హాల్లో నా బొమ్మలు పెడుతున్నారు. మధ్య గోడ నీకు అట్టిపెట్టా."

"నా మొహానికి మధ్యగోడొకటా? సర్లే, మొహం వరకు గీసుకో. చెయ్యి మాత్రం వద్దు."

"చెయ్యి లేకుండా కటింగ్ మాస్టరేంటి? చూసినవాళ్లు నిన్ను బడిపంతులనుకుంటారు."

"కదలకుండా కూర్చోవాలంటావు. నేను కూర్చుంటానే, ఇది కూర్చోదు." తువ్వాలు కింద చెయ్యి అటూ ఇటూ కొట్టుకుంటోంది.

"కూర్చోమని దాన్నెవరు బతిమాలారు? నాకు కావలసిందే కదిలేది. 'కదలకండి బాబూ' అని నేను అనకపోయినా, బొమ్మ అనేసరికి జనం మొదట్లో బిగుసుకుపోయి కూర్చుంటారు. కదిలే చెయ్యి కోసం నేనెక్కడికి పోను?"

మామయ్య చాలాసేపు ఆవిడ మొహంలోకి చూశాడు. ఏడాదిలో అందరూ ఆ చెయ్యి కనబడనట్టు నటించినవాళ్లే. కావాలని అడిగింది ఇదొక్కతే.

"పందెం" అన్నాడు చివరికి. "ఈ చెయ్యిని ఉన్నదున్నట్టు గియ్యి. దాచకూడదు. కానీ చూసినవాడెవడూ అయ్యో అనకూడదు. చేతనవుతుందా?"

"అవుతుంది. గెలిస్తే నువ్వు ఆ హాలుకొచ్చి, నలుగురిలో నిలబడి, ఆ చేత్తోనే టీ తాగాలి."

"ఓడిపోతే నన్ను బయటికి రమ్మని ఇంకెప్పుడూ అడక్కూడదు. నువ్వే కాదు, మీ అత్తయ్య కూడా."

"మధ్యలో నన్నెందుకు లాగుతారండీ?" అని వంటింట్లోంచి అత్తయ్య గొంతు వినబడింది. వినబడింది గానీ, ఆ తర్వాత గరిటె చప్పుడు ఆగిపోయింది. ఆవిడ గోడకు చెవి ఆనించి వింటోందని ఇద్దరికీ తెలుసు.

"ఓడిపోవడం మన ఇంటా వంటా లేదు" అంది పెన్సిలు.

గీయడం మొదలైంది. ముఖం రెండు పూటల్లో పూర్తయింది. అసలు పనంతా చేతి దగ్గరే. మోకాలి మీద పెట్టిన చెయ్యి ఒక్కచోట ఉండేది కాదు. చూపుడువేలు లేచేది, బొటనవేలు దాన్ని అందుకోబోయేది, మణికట్టు పక్కకు జారేది. పెన్సిలు ఒక్కోదాన్నీ పట్టుకుని గీసింది, ఒకదాని మీద ఒకటి, ఒకదాని పక్కన ఇంకొకటి. గీస్తుంటే ఆవిడకే ఒక సంగతి తెలిసొచ్చింది. ఆ వేళ్లు ఊరికే కొట్టుకోవడం లేదు. ఏళ్ల తరబడి సుద్దముక్క పట్టుకున్న తీరే ఇంకా వాటిలో ఉంది. పని లేకపోయినా పనిలో ఉన్నట్టే కదులుతున్నాయి. గీతలు మోకాళ్ల మీద గుడ్డ పరిచినట్టు పరుచుకుంటూ కాగితం అంచుదాకా పోయాయి. ఆవిడకు ఎక్కడలేని సంతోషం వేసింది. ఇన్నేళ్ల తన గీతలన్నీ ఈ చెయ్యి కోసం చేసిన సాధనే అనిపించింది.

అద్దం బిగించి ఫ్రేములో పెట్టాకే చూస్తానని మామయ్య పట్టుబట్టాడు. మామూలుగా ఆవిడ తన బొమ్మలను ఉత్త క్లిప్పులతో వేలాడదీసేది. ఈసారి హాలువాళ్లు అద్దం ఉండాల్సిందేనన్నారు. అందుకని బొమ్మ తీసుకెళ్లి అద్దాలాయనకు ఇచ్చింది. మామయ్య కొట్టుకు నాలుగు కొట్ల అవతల ఫ్రేములు కట్టే మనిషి ఆయన. ఆవిడ ఆయన కొట్టుకు వెళ్లడం అదే మొదటిసారి. ప్రదర్శన రేపనగా, మధ్యాహ్నానికల్లా మామయ్య ఇంట్లో అందించమని చెప్పింది.

అద్దాలాయన మంచివాడు. అవసరమైనదానికంటే రెండాకులు ఎక్కువే మంచివాడు. ఆయనకున్న జబ్బల్లా శుభ్రం. గుడ్డ ఒకటి ఎప్పుడూ భుజాన ఉంటుంది. అద్దం వెనకకు దుమ్ముకణం పోయినా ఆయనకు నిద్రపట్టదు. ఎవరు ఏ కాగితం తెచ్చినా ముందు వేలిముద్రలు, మరకలు మెత్తటి రబ్బరుముద్దతో అద్ది తీసి, అప్పుడే ఫ్రేము కడతాడు. పెన్సిలు ఇచ్చిన బొమ్మ చూసి ముఖానికి దణ్ణం పెట్టాడు. కిందికి చూసి జాలిపడ్డాడు. పాపం చెయ్యి కుదరక ఎన్నిసార్లు గీసుకుందో, టైము చాలక చెరపకుండానే తెచ్చిచ్చింది కాబోలు అనుకున్నాడు. పొద్దుటినుంచి కూర్చుని, ఊపిరి బిగబట్టి, బాగా కుదిరిన ఒక్క చేతిని మాత్రం ఉంచి, మిగతా గీతలన్నీ తీసేశాడు. ఒక్క మరక మిగిల్తే ఒట్టు.

పొద్దు వాలాక పెన్సిలు మామయ్య ఇంటికి వచ్చేసరికి ఫ్రేము కుర్చీలో ఆనించి ఉంది. అత్తయ్య దాని ముందు నిలబడి కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది.

"ఎంత బాగా గీశావే! చెయ్యి చూడు, ఎంత నిలకడగా ఉందో. అచ్చం అప్పటి మీ మామయ్యే."

పెన్సిలు బొమ్మ వంక చూసింది. ముఖం ఉంది. చొక్కా ఉంది. మోకాలి మీద ఒక చెయ్యి కదలకుండా పడి ఉంది. చుట్టూ తెల్లకాగితం.

మామయ్య కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. తువ్వాలు చేతిమీదే ఉంది.

"గెలిచావులే పెన్సిలూ" అన్నాడు. "దీన్ని చూసి ఎవడూ అయ్యో అనడు. ఆ చెయ్యి ఎవరిదో గానీ."

"మామయ్యా..."

"నిన్నేమీ అనడం లేదే. అందరూ దాచమన్నవాళ్లే. నువ్వొక్కదానివే దాచవనుకున్నా. నీక్కూడా చివరికి దాచాలనే అనిపించిందన్నమాట."

ఊళ్లోవాళ్లు పిచ్చిగీతలంటే నవ్వి ఊరుకున్న మనిషికి, ఈ ఒక్క మాటకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడ్చే అలవాటు లేదు గనుక కోపం తెచ్చుకుంది.

"నేను చెయ్యలేదిది. నా ఇంట్లో రబ్బరు లేదని నీకు తెలుసు."

"తెలుసు. అందుకే ఆశ్చర్యపోతున్నా."

"ఆ అద్దాలాయన పనిది! ఆయన చేతిలోంచే వచ్చింది కదా? నమ్మకపోతే వచ్చి నువ్వే అడుగు." ఫ్రేము చంకలో పెట్టుకుని, చెప్పులు వేసుకుని, తలుపు బార్లా తీసి వెళ్లిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు.

వీధి మలుపు దగ్గరకు వచ్చేసరికి వెనక చెప్పుల చప్పుడు వినబడింది. మామయ్య వస్తున్నాడు. తువ్వాలు చేతికి చుట్టుకుని, దవడ బిగించి, గబగబా నడిచొస్తున్నాడు. డాక్టరు చెబితే కదలని మనిషి, పెళ్లాం కాళ్లావేళ్లా పడితే కదలని మనిషి, తన చేతిని చెరిపినవాణ్ణి చూడ్డానికి కదిలాడు. పెన్సిలు చూసీ చూడనట్టు అడుగు వేగం కొంచెం తగ్గించింది. నోరు విప్పితే ఆయన ఇల్లు గుర్తొచ్చి వెనక్కి తిరుగుతాడేమోనని భయం.

అద్దాలాయన కొట్టు రోడ్డువైపు బార్లా తెరిచి ఉంటుంది. వీళ్లను చూడగానే ఆయన ముఖం విప్పారింది.

"రండి మేడమ్, రండి మాస్టారూ! ఎంత శుభ్రం చేశానో చూశారా? చెయ్యి దగ్గర చాలా ఇబ్బంది పడ్డట్టున్నారు పాపం. అన్నిట్లోకీ ఒకటి కుదిరింది. దాన్ని ఉంచి మిగతా తప్పులన్నీ నేనే తీసేశా."

దొంగను పట్టుకుందామని వస్తే దొంగే ఎదురొచ్చి వీపు తట్టమన్నట్టుంది. పెన్సిలు ఫ్రేము బల్ల మీద పెట్టి, తిట్టడానికి నోరు తెరిచింది. వినబడింది మాత్రం మామయ్య నవ్వు. ముందు ముక్కులోంచి వచ్చింది, తర్వాత భుజాలు కదిలాయి, తర్వాత ఆయన పక్కనున్న బల్ల పట్టుకుని నవ్వాడు. ఏడాదిగా ఎవరూ వినని నవ్వు అది.

"అన్నీ తప్పులేనటే పెన్సిలూ! ఒక్కటి కుదిరిందట!"

"నీకు నవ్వులాటగా ఉందా?"

"ఆయన్నేమీ అనకు. నేనైనా అదే చేసేవాణ్ణి. సుద్దగీతలు దులపకుండా చొక్కా చేతికిస్తామా?" అన్నాడు. తువ్వాలు కింద కదులుతున్న చేతిని చూసుకున్నాడు. "కాకపోతే దులపడం కుట్టడం అయ్యాక. ఇది ఇంకా అయిపోలేదు."

సంగతి బోధపడ్డాక అద్దాలాయన ముఖం పాలిపోయింది. చకచకా ఫ్రేము ఊడదీసి కాగితాన్ని వెలుతురుకు ఏటవాలుగా పట్టుకున్నాడు.

"ఇదిగో చూడండి మేడమ్, గాట్లు అలాగే ఉన్నాయి. వీటి మీదే మళ్లీ దిద్దేస్తే సరిపోతుంది కదా?"

నిజమే. పెన్సిలు ఒత్తిన గీతలన్నీ కాగితంలో సన్నని గాట్లుగా కనబడుతున్నాయి. ఓపికున్న ఎవరైనా వాటి వెంట దిద్దుకుంటూ పోవచ్చు.

"దిద్దుడుపని నాకు రాదు" అంది పెన్సిలు. గొంతులో పాత ధీమా తిరిగొచ్చింది. "చెయ్యి ఇక్కడే ఉండగా గాట్లతో నాకేం పని? మామయ్యా, కూర్చో."

"ఎక్కడా? ఇక్కడా?"

"రేపు పొద్దున్నే బొమ్మ గోడ మీదుండాలి. మీ ఇంట్లో ఈపాటికి వెలుతురు పోయింది. ఇక్కడుంది."

మామయ్య రోడ్డువైపు చూశాడు. జనం పోతున్నారు, వస్తున్నారు. అందులో సగం మంది ఆయన కుట్టిన చొక్కాలు తొడుక్కున్నవాళ్లే. నాలుగు కొట్ల అవతల తన బోర్డు కనబడుతోంది. స్టూలు లాక్కుని, రోడ్డుకు వీపు పెట్టి కూర్చున్నాడు.

"ఇటు తిరుగు. మొహం మీద వెలుతురు పడాలి" అంది పెన్సిలు, జాలీ గీలీ లేకుండా.

ఆయన తిరిగాడు. ఆవిడ తువ్వాలు కోసం చెయ్యి చాచింది. మామయ్య ఒక్క నిమిషం తటపటాయించి, తానే విప్పి ఇచ్చాడు. కుడిచెయ్యి మోకాలి మీద, మెయిన్‌ రోడ్డు ఎదురుగా, దాని ఇష్టం వచ్చినట్టు కదలసాగింది.

అద్దాలు కోసే పెద్ద బల్ల మీద కాగితం పరిచి పెన్సిలు పని మొదలుపెట్టింది. మొదట చేతిలోని పెన్సిలు మొనను పక్కకు వాల్చి, చేతి చుట్టూ నలుపును పల్చగా పరిచింది. అప్పుడు ఆవిడ అనుకోనిది ఒకటి జరిగింది. నలుపు కాగితం మీద అంటుకుంది గానీ గాట్లలోకి దిగలేదు. చెరిగిపోయిన గీతలన్నీ తెల్లగా బయటికొచ్చాయి, చూపుడువేలు లేచిన చోట, మణికట్టు జారిన చోట, ఏదీ పోకుండా. ఆవిడ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత పెదవుల మీదికి నవ్వొచ్చింది. ఆ తెల్లగీతల మధ్య నుంచి ఇవాళ్టి చేతిని నల్లగా గీయడం మొదలుపెట్టింది. ఆ రోజుల చెయ్యి తెలుపు, ఈ పూట చెయ్యి నలుపు, రెండూ కలిసి కదులుతున్నాయి. మధ్యలో అద్దాలాయన ఉంచిన నిలకడ చెయ్యి కూడా ఉంది. దాన్నీ తీసెయ్యలేదు. అదీ మామయ్యదే కదా.

అద్దాలాయన గుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. దారినపోయేవాళ్లు ఒక్కొక్కరే ఆగారు. ఒకడు స్కూటరు ఆపి ఒంటికాలి మీద నిలబడి చూశాడు. ఫోటోకు ఫ్రేము కట్టించుకుందామని వచ్చిన ఒక లావుపాటి పెద్దావిడ తోసుకుంటూ ముందుకొచ్చింది. మామయ్య మెడనరాలు బిగుసుకున్నాయి. ఆయన ఎదురుచూస్తున్న మాట ఏదో పెన్సిలుకు తెలుసు. తెలిసీ తలెత్తలేదు. గీత ఆపలేదు.

పెద్దావిడ బొమ్మ చూసింది. చెయ్యి చూసింది. మళ్లీ బొమ్మ చూసింది.

"ఏం కుడుతున్నారండీ ఈయన?" అంది.

మామయ్య తన చేతివంక చూసుకున్నాడు.

"ఇంకా మొదలెట్టలేదమ్మా" అన్నాడు మెల్లగా. "కొలతలు చూసుకుంటున్నా."

"కుడితే మా ఆయనకు రెండు చొక్కాలు కుట్టాలి. ఎక్కడ కుట్టించినా పొట్ట దగ్గర గుండీ ఊడుతోంది."

"గుండీ తప్పు కాదమ్మా అది. పొట్ట లోపలికి పీల్చి కొలతలిస్తాడు మీ ఆయన. తీసుకురండి, ఊపిరి వదిలేదాకా టేపు తియ్యను."

జనం గొల్లున నవ్వారు. స్కూటరువాడు బండికి స్టాండు వేసేశాడు. మామయ్య ఇంకో మాటన్నాడు, పెద్దావిడ ఇంకో మాటన్నది, రోడ్డు మీద పాత కబుర్లు మళ్లీ మొదలయ్యాయి. మాటల్లో పడి చెయ్యి ఇంకా ఎక్కువ ఆడింది. పెన్సిలు ఆ ఆటంతా పట్టుకుంది.

అద్దాలాయనకు తప్పుచేసిన బాధ ఇంకా పోలేదు. పక్కకొట్టుకు పరుగెత్తి, నిండా పోసిన టీ గ్లాసులు తానే తెచ్చి, ఒకటి మామయ్య పక్కన బల్ల అంచున పెట్టాడు. మామయ్య దానివైపు చూశాడు.

"పందెం రేపటి సంగతి" అంది పెన్సిలు కాగితంలోంచి తలెత్తకుండా. "ఇవాళ తాగకపోయినా ఫర్వాలేదులే."

మామయ్య ఆవిడవైపు గుర్రుగా చూశాడు. కుడిచేత్తో గ్లాసు ఎత్తాడు. గ్లాసు అటు ఊగింది, ఇటు ఊగింది, బల్ల మీదుగా నోటిదాకా సగం దూరం వచ్చి, ఒక్క కుదుపుకు పెద్ద చుక్క తుళ్లి సరిగ్గా బొమ్మ మీద పడింది.

"అయ్యో!" అని అరిచాడు అద్దాలాయన, భుజాన ఉన్న గుడ్డ లాగి బొమ్మ మీదికి దూకుతూ.

"తుడవకు!"

అది వెనకట తన కొట్టులో కేకలేసిన కటింగ్ మాస్టరు గొంతు. గుడ్డ గాలిలోనే ఆగిపోయింది. పెన్సిలు చేతిలో గీత కూడా ఆగింది. ఆ మాట అననే అన్నారు. చెరపడానికి రబ్బరు కూడా పనికిరాదు. ఆవిడ మామయ్య మొహంలోకి చూసింది.

మామయ్య గ్లాసు అలాగే గాలిలో పట్టుకుని ఉన్నాడు. టీ ఇంకా ఊగుతోంది.

"దేనికన్నావయ్యా ఆ మాట?" అన్నాడు.

"కాగితానికండీ మాస్టారూ" అన్నాడు అద్దాలాయన బిక్కమొహంతో. "అంత మంచి బొమ్మ, మరక పడింది కదా."

"చేతిక్కాదూ?"

అద్దాలాయన ఆ చేతివంక చూశాడు. బల్ల మీదున్న బొమ్మవంక చూశాడు. నిజంగానే అర్థం కానట్టు అడిగాడు.

"చేతికేమైందండీ?"

మామయ్య గ్లాసు నోటిదాకా తెచ్చుకుని, మిగిలిన టీ మొత్తం, చొక్కా మీద ఇంకో రెండు చుక్కలు ఒలకబోసుకుంటూ, నలుగురి ఎదుటా తాగేశాడు. పెన్సిలు వంగి ఆ టీచుక్క ఆరకముందే దాని చుట్టూ ఒక గీత గీసింది.

"రేపు హాలు ఎన్నింటికి తెరుస్తారే?" అన్నాడు మామయ్య, మూతి తుడుచుకుంటూ.